మిద్దె మీది మన్ను

ఆళ్లగడ్డలో నడిఎండాకాలం. నంద్యాల లోను ఆఫీసుకు పోయి రెండు రోజులకు తిరిగివచ్చిన భర్త, కప్పు లేని ఇంటిని చూసి వాకిట్లోనే నిలబడిపోయాడు.

"మన మిద్దె యాడమ్మే?"

"కూలగొట్టిస్తి. మట్టిమిద్దెకు లోను రాదు, సిమెంటు కప్పే ఉండాలని నువ్వే గదా చెప్తివి!"

"ఆ రూలు మారిపాయ. సిమెంటు కింద జనాలు ఉడికిపోతాండారంట, ఫ్యాన్లకు కరెంటు చాలడంల్యాదంట. ఇంగ కప్పు మీద జానెడు మట్టి పరిస్తేనే లోను."

"అయ్యో దేవుడా! మన్నంతా ఎత్తకపొమ్మంటి."

"ఎవురిని?"

"మాధవయ్యశెట్టిని. వాళ్ల దొడ్లో గుంత పూడ్చుకుండె."

"గుంతలోనా! నాయన ఒక్కడే మోసి, తొక్కి పరిచిన మన్నమ్మే అది! నాయన యాడ?"

"మన్ను బండెంబడే పాయ. పొద్దున్నుంచి ఆ గుంత మీదే కూర్చుండాడు. ఎండకు ఇంటికి రా మామా అంటే, యా ఇంటికని అడిగె."