కింది వరస చుక్కలు

తీసేశావా? నన్నొక్క మాట అడక్కుండా నా బక్కోణ్ణి జట్టులోంచి తీసేశావా? ముందు ఆ కళ్ళజోడు తుడవడం ఆపు. ఇందాకట్నుంచీ అదే అద్దం తుడుస్తున్నావు, అరిగిపోతుంది.

షాపులో ఎవరూ లేర్లే. ఉన్నా అరిచేదాన్నే!

అవున్రా, కంప్యూటర్లో ఆటే. ఉత్త బేస్‌బాల్ ఆటే. కానీ జట్టు నడిపేది మనిద్దరం కదా? పెద్ద జట్టు నాది, కింది జట్టు నీది అక్కా అని పంచింది నువ్వే కదా? నేను కుర్రాళ్ళని తయారుచేసి పంపాలి, నువ్వు వాళ్ళతో గెలిచి మీసం మెలేయాలి. సరే అన్నాను. నాకదే ఇష్టం కాబట్టి.

వాడు వచ్చిన కొత్తలో ఎలా ఉన్నాడు? బంతి విసిరితే ఎటు పోతుందో వాడికే తెలీదు. ఎదుటివాడు బ్యాటు ఊపక్కర్లేదు, నిలబడి నవ్వుకుంటే చాలు. నేను తొందరపడ్డానా? వేగం సంగతి తర్వాత, ముందు గురి నేర్పమని కోచ్‌కి పురమాయించాను. చెయ్యి నొప్పంటే కూర్చోబెట్టాను. ఓడిపోయిన ప్రతిసారీ పోనీలే అనుకున్నాను. మొన్నమొన్నే కదరా, బంతి చెప్పినచోట పడటం మొదలైంది!

ఏంటీ? చుక్కలు లేవా? ఒరేయ్, వాడి పేరు కింద రెండు వరసల చుక్కలుంటాయి. పై వరస ఇవాళెంత ఆడతాడో. కింది వరస రేపెంతవాడౌతాడో. నువ్వు పైది చూసి, ఒక్కటేనా అని మూతి విరిచి, ఊడబీకావు. కింద నిండా మెరుస్తున్నవి కనపళ్ళేదా? వచ్చినవాళ్ళందరికీ దూరపు చూపు సరిచేస్తావే, నీకెవరు పెట్టాలి నాయనా అద్దాలు?

పైగా వాడి చోట్లో ఎవణ్ణి తెచ్చావు? ఆ ముసలాణ్ణి! పేరున్న ఆటగాడే, కాదన్ను. ఒక ఆట ఆడితే వారం మంచం దిగడు. ఈ ఏడు కప్పు కావాలి నీకు. వచ్చే ఏడు సంగతో? మళ్ళీ ఇంకొకణ్ణి నేను పెంచాలా?

బొమ్మ కుర్రాడి కోసం ఇంత గోలా అంటావా? నువ్వు లెక్కల్లో తప్పుతూ ఉంటే నాన్న నీ పుస్తకాలు మూటగట్టి అటకెక్కించబోయాడు, గుర్తుందా? ఇంకొక్క ఏడాది చూద్దాం నాన్నా అని కాళ్ళావేళ్ళా పడింది ఎవరు? రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది ఎవరు? అప్పుడు నీ పై వరసలో ఎన్ని చుక్కలున్నాయిరా? ఒక్కటైనా ఉందా? ఈ తెల్లకోటు ఊరికే వచ్చిందా నీ ఒంటి మీదికి?



ఇప్పుడెందుకు ఆ మౌసు పట్టుకున్నావు? వెనక్కి తెస్తావా? వెతుకు. బాగా వెతుకు. వదిలేసినవాళ్ళంతా అక్కడే ఉంటారు కదా. లేడు కదూ?

ఇదే ఆటలో నీ మీద పోటీకి దిగే నీ పెళ్ళాం జట్టులో ఉన్నాడు, చూసుకో.

దాని మీద అరవకు. పాపం, దానికేం తెలుసు? ఫోన్ చేసి తీసుకోవే అన్నది నేను. నీ మీద కసితోనే అన్నాను, దాపరికమెందుకు? ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఎంతైనా నా చేతిలో పెరిగినవాడు.

మరదలు పిల్ల రేపే ఆడిస్తానని గంతులేసింది. నేనే వద్దన్నాను. ఎదగనీవే, తొందరేముంది అన్నాను. ఎదిగాక మాత్రం మొదటి ఆట మా తమ్ముడి మీదే ఆడించాలని మాట తీసుకున్నాను.

ఆ కళ్ళజోడు ఇలా ఇయ్యి. గీతలు పడ్డాయి చూడు.