ఓటు ఎక్కడ వేస్తారు?

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో, పార్టీల అభ్యర్థులెవరో తేల్చే ప్రైమరీ ఎన్నికకు ఇంకా వారముంది. పాపను చంకనేసుకున్న ఒక చిన్నవయసు తల్లి ఫోనెత్తింది. అవతల ఓటర్ల అభిప్రాయాలు అడిగే సర్వే పెద్దావిడ.

"మంగళవారం తప్పకుండా ఓటేస్తారా అమ్మా?"

"ఎందుకు వెయ్యనండీ! ప్రతిసారీ వేస్తాగా."

"మీ వీధివాళ్ళు ఎక్కడ వేస్తారు?"

"అదే... హైస్కూల్లో."

"మాదీ మీ ఊరేనమ్మా. మనమంతా ఫైర్ స్టేషన్‌లో వేస్తాం."

"పాప ఏడుస్తోందండీ, కంగారులో ఏదో అనేశా."

"ఏడుపేం వినపడట్లేదే?"

"నిద్రపోతోంది... అబద్ధమాడానండీ. ఇంతవరకూ ఒక్కసారీ వెయ్యలేదు. చదువు మధ్యలో మానేసినదాన్ని. అందరి ముందూ ఏదన్నా అడిగితే తెల్లమొహం వెయ్యాల్సొస్తుందని భయం."

"పేరూ, ఇల్లూ అడిగి, గుర్తింపు కాగితాలు చూస్తారు. ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే అప్పటికప్పుడే చేర్చుకుంటారు. అంతే."

"అంతేనా?"

"అంతే తల్లీ."

"మరి నన్నిప్పుడు సర్వేలోంచి తీసేస్తారా?"

"తీసెయ్యాలమ్మా. ఓటేసేవాళ్ళనే లెక్కేస్తాం."

"ఎవరికి వేస్తానో అడగనే లేదు మీరు. టీవీలో అందరి మాటలూ విన్నాను తెలుసా, పాపకు పాలిస్తూ."

"వింటున్నానమ్మా."

"సిగ్గుగానే ఉంది గానీ అడుగుతున్నా. ఫైర్ స్టేషన్‌లోకి ఎటునుంచి వెళ్ళాలి? ఫైరింజన్లు వచ్చే ఆ పెద్ద తలుపులోంచేనా?"