కోతి కొరికిన గుమ్మడికాయ

హలో… ఆ, నేనే. ట్రంకాల్ బుక్ చేసింది నేనేనమ్మా, తాండూరు బండల డిపోకెల్లి… అవును, వికారాబాదే. దవాఖాన ఆఫీసుకు. బాల్‌రాజు అని, గుమాస్తా… ఆ, ఆగుత. లైన్ల్నే ఉంట.

…

హలో… ఎవరు? బాల్‌రాజా? నేనురా, మీ బావను. మత్తయ్యను… ఆ, సేఠ్ ఫోన్లకెల్లే. సేఠ్ లేడు, గుల్బర్గ పోయిండు. మున్షీ జంగప్పనడిగి చేస్తున్న… ఆ, ఈడనే ఉన్నడు, గద్దె మీద కూసోని చీటీలు రాస్తున్నడు.

లేదు లేదు, ఎవ్వరికి ఏం గాలే. మీ అక్క మంచిగనే ఉంది. ఊకెనే చేసిన.

…ఊకెనే ట్రంకాల్ ఎవడన్న చేస్తడా అంటే… ఆ, నిజమే. ఒక్క మాట అడుగుదామని.

ఆడ చలి ఎట్లుంది?… ఈడ గూడ గంతే.

…సరే, అడుగుత. నిన్న మన చర్చి సంఘం కమిటీ కూసున్నది గదా. సదువుకునే పిల్లలకు సాయం… మా ప్రభుదాసు పేరు… ఆ, నువ్వు గూడ ఉంటివి గదా ఆడ, అందుకే నిన్ను అడుగుతున్న.

…

కొట్టేసిండ్రా?

…ఆగు, కాని గీని అనకు. ముందు నన్ను చెప్పనియ్యి. ఎందుకు కొట్టేసిండ్రు? మన సంఘంల ఇంజనీరింగు సీటు వచ్చిన పిలగాడు ఇంకెవడన్న ఉన్నడా? మొదటి ఫీజుకు బర్రెను అమ్మిన. ఇప్పుడు హాస్టల్ల మెస్సు బాకీ కట్టకపోతే నెలాఖరుకు పెట్టె సర్దుకోమన్నరు. పెట్టె సర్దుకున్నంక ఇంక సదువేంది బాల్‌రాజూ? నా ఎంట వచ్చి సుత్తి పట్టుడే.

సర్కారు స్కాలర్‌షిప్పా? తిరగలేదనుకుంటున్నవా? కిరస్తానపోళ్లకు హరిజనుల కింద రాదన్నరు. తాసీలు ఆఫీసు గిర్దావరు నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. పాత పేరు పెట్టుకో, మన చర్చి గుడికి పోతలేనని ఒక్క సంతకం చెయ్యి, నేను చూసుకుంట అన్నడు. నేను చెయ్యలే. దేవుని కాదనలేక దేవుని బిడ్డల కాడికి వస్తే, మీరేమో…

…

ఏందీ?

…గుమ్మడికాయనా.

…

ఉన్న. లైన్ల్నే ఉన్న.

…భీమయ్య అన్నడా? కమిటీల ఉన్నడు గదా ఆయన, అంటడు. ఏమన్నడో జర సరిగ్గ చెప్పు… 'కోతి కొరికిన కాయకు గంత పోసినోనికి సాయమెందుకు, ఆయననే మనకు సాయం చెయ్యమనుండ్రి'… అందరు నవ్విండ్రా? నువ్వు?

…నవ్వినా తప్పు లేదులే. నేనైనా నవ్వుతుంటి.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటరు గదా. నేనైతే నిజంగనే భుజం మీద పెట్టుకొని తిరిగిన. బజారు పొడుగునా, గుడికాడికెల్లి స్టేషన్ దాక. అడిగినోళ్లకు అడగనోళ్లకు చెప్పుకుంట. ఇప్పుడు దేన్ని తడుముకోవాలె?

…నువ్వు ఆనాడు లేకుంటివి, డ్యూటీల ఉంటివి. అందుకే నీకు తెల్వది. విను జర.

పంట పండుగ నాడు ఎవ్వరికి పండింది వాళ్లు తెచ్చి దేవుని ముంగట పెట్టిరి. జొన్న కంకులు, కోళ్లు, ఒకాయన మేకపిల్ల. ఆరాధన అయినంక వేలం. మనోళ్లు తెచ్చింది మనోళ్లే పాడాలె, అదే గదా రివాజు. ఎవ్వరు పాడకుంటే ఆ వస్తువు వాపస్ ఇస్తరు. దేవుడు గూడ వద్దన్నడని ఏడాది పొడుగు చెప్పుకుంటరు.

నన్ను కన్న అవ్వ గుమ్మడికాయ తెచ్చింది. గుడిసె మీద పారిన తీగకు అదొక్కటే నిలిచింది. దాన్ని గూడ అనంతగిరి గుట్టకెల్లి కోతి దిగొచ్చి ఒక పక్క కొరికింది. ఆ కొరికిన జాగకు పసుపు రాసి, మీద ఆకు అంటించి, కొంగు కప్పుకొని తెచ్చింది ముసల్ది. అంత దూరం నడిచి.

…ఆ. వేలం పాడించే పెద్దమనిషి కాయను పైకి లేపిండు, ఆకు జారి కింద పడ్డది.

నవ్విండ్రు. పిల్లలు గాదు, పెద్దోళ్లే. 'కోతి ఎంగిలి దేవునికి పెడుతరా మొగులమ్మా' అని భీమయ్య అననే అన్నడు. ఎవ్వరు పాడుతలేరు. అవ్వ ముంగటనే చాప మీద కూసున్నది. తల ఎత్తలే బాల్‌రాజూ. చేతులు రెండు ముంగటికి చాపింది, కాయను వాపస్ తీస్కుందామని.

ఆ చేతులు చూసి… నేను పాడిన.

నేను పాడంగనే భీమయ్యకు నవ్వులాట, పరాష్కమైంది. పెంచిండు. నేను పెంచిన. ఆయన రోడ్ల కంట్రాక్టరు, ఆయనకు ఆట. నాకు గాదు. ఆయన ఆగుతడేమో అని నేను, నేను ఆగుతనేమో అని ఆయన… 

ఎంతకా? ఆ ముచ్చట అడగకు. పాలిచ్చే మేక వస్తది దానికి, పిల్లతోని సహ.

చప్పట్లు కొట్టిండ్రు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు. అవ్వ అప్పుడు తల ఎత్తింది… ఆ మొహం నువ్వు చూడాల్సుండె.

…నువ్వన్నదే నిజం. కమిటీది తప్పు గాదు. అందరు చూస్తుండంగ నోట్లు తీసి పళ్లెంల పెట్టిన. లేనోడు పెడుతడా అనుకుంటరు.

కాని బాల్‌రాజూ… ఆ పైసలు…

…ఆ పైసలు నాయి గావు.

…వినొస్తలేదా? నాయి గావు అంటున్న.

…గట్టిగ మాట్లాడలేనురా. మనిషున్నడు అన్న గదా… ఆగు.

జంగప్పా, జర బయటికి పోయి చాయ్ తాగి రారాదు? నా పేరు మీద తాగు… బేడ అంటవా, వద్దా? సరే, కూసో. ఏం లేదు, ఊకెనే అడిగిన.

…వద్దంటున్నడు. కూసున్నడు. ఇంత చలిల ఆయనకు ఉక్కపోత, నాకు ఉక్కపోత.

చెప్పేది ఏందంటే… ఆ పైసలు ఇక్కడియి. ఇక్కడోళ్లయి… ఇనొస్తలేదా ఇంకా? నువ్వు జర ఆ చెవికి పెట్టుకో… నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చెప్తున్న, అందుకే…

హలో? ఎవరు… ఆ, ఎక్స్చేంజమ్మా. టైం అయ్యిందా? కట్ చెయ్యకు తల్లీ. పొడిగించు. సేఠ్ కు నేను చెప్పుకుంట. నీ కాల్మొక్త, కట్ చెయ్యకు.

బాల్‌రాజూ! ఆ పైసలు నాయి గావురా! ఖనిల కూలోళ్లయి! బండలు కొట్టెటోళ్లు, మోసెటోళ్లు మా ప్రభుదాసు మెస్సు కట్టుమని చందా ఏసి ఇచ్చిన పైసలు!

…

విన్నవా ఇప్పుడు? 

…ఆ. గంత గట్టిగ చెప్పినంక ఈడ గూడ ఇనరా. విన్నడు. కలం ఆపిండు. నా దిక్కు చూస్తలేడు, గోడ దిక్కు చూస్తున్నడు.

ఆయనే తిరిగిండు బాల్‌రాజూ. ఈ జంగప్పనే. కూలి ఇచ్చే నాడు ఒక్కొక్కరిని ఆపి అడిగిండు. నర్సప్ప ఇచ్చిండు. మొగడు సచ్చిన హన్మమ్మ, చెంగుల ముడి ఇప్పి ఇచ్చింది. మా కులం గాదు, మా గుడి గాదు. 'ఈ బండల్లకెల్లి ఒక్క ఇంజనీరన్న లేవాలె మత్తయ్యా' అని రుమాల్ల మూట కట్టి నా చేతుల పెట్టిండు. పట్నం పోయి కట్టొస్త అని రైలెక్కిన. పండుగ గదా, అవ్వను చూసి పోదామని నడుమ వికారాబాద్ల దిగిన.

దిగి గుమ్మడికాయ కొన్న.

…లేదు, ఇంకా ఉంది. విను. ఇదే పెద్దది.

కాయ తెచ్చినంక మీ అక్క కూర వండింది. ఖనిల అందరికి పెట్టిన. 'కట్టొచ్చినవా' అని అడిగిండ్రు. కట్టిన అన్న. దేవుని గుడికాడి కాయ, దీవెన తినుండ్రి అన్న. వాళ్ల పైసలతోని కొన్న కాయ వాళ్లకే వడ్డించిన. మెచ్చుకొని తిన్నరు. నా కొడుకు సల్లగుండాలని చెయ్యి కడుక్కున్నరు. హన్మమ్మ ఇంకో గంటెడు అడిగితే ఏసిన. సిగ్గు లేదు నాకు.

…తిట్టు. తిడితే జర మంచిగనిపిస్తది.

ఇగ నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. కమిటీకి నువ్వు చెప్పు. మత్తయ్య కాడ ఏం లేదు, ఆనాడు పెట్టింది గూడ ఆయనది గాదు అని చెప్పు. భీమయ్య మీసం మెలేస్తడు, మెలెయ్యనియ్యి. నన్ను గుడిల నిలబెట్టి సాక్ష్యం చెప్పియ్యకు, గంతే. అవ్వ ముంగటి చాప మీదనే కూసుంటది. నా కొడుకు నా కాయ కొన్నడని ఊరంత చెప్పుకుంటున్నదట. ఆమెకు తెల్వద్దు. నా మొహాన ఏమన్న పుయ్యి, ఆమెకు తెల్వద్దు.

…

ఏందీ?

…ఎవరొచ్చిండ్రు?

…అవ్వనా? ఇయ్యాల పొద్దుగాలనా? కమిటీ పెద్దల కాడికా?

ఎవడు చెప్పిండు ఆమెకు? …ఎవ్వరు చెప్పలేదా? మరి ఎట్ల ఎరుక?

…

చెవి పట్టుకున్ననా. నోట్లు పళ్లెంల పెట్టేటప్పుడా.

…ఆ. చిన్నప్పుడు అబద్ధమాడితే పట్టుకుంటుంటి. ఇప్పుడు గూడ పట్టుకుంటనని నాకే తెల్వది… అంటే ఆనాడే ఎరుకనా ఆమెకు? తల ఎత్తి చూసినప్పుడే?

…చెప్పు. ఏమన్నది?

…మళ్ల చెప్పు.

'నా కొడుకు తన కాడ లేకున్నా నా ఇజ్జత్ కొన్నడు. నాకా ఇజ్జత్ వద్దు. మీరే వాపస్ తీస్కొని నా మనుమని పేరు రాయుండ్రి'… అట్లనే అన్నదా? అందరి ముంగట? భీమయ్య ఉండంగనే?

…

ఏడుస్తలేను. లైను గట్లుంది.

…రాసిండ్రా? నిజంగ రాసిండ్రా? భీమయ్య గూడ సరే అన్నడా… తల వంచుకున్నడా.

మరి ముందే చెప్పొద్దారా నువ్వు… ఆ. 'కాని' అన్నవు. నేనే చెప్పనియ్యలే. ఆ కాని దాక ఆగితే ఈ జంగప్ప ముంగట ఇట్ల…

…లేదులే. ఆగకపోవుడే మంచిదైంది.

ఎవరు? అవ్వ ఆడనే ఉన్నదా? వరండల కూసున్నదా ఇప్పటిదాక? …వద్దు బాల్‌రాజూ, ఏమని మాట్లాడుత… ఇయ్యకు… సరే. ఇయ్యి.

…

అవ్వా. నేనే, మత్తయ్యను… అవ్వా, అది ఉల్టా పట్టుకున్నవు. తీగ ఉన్న దిక్కు నోటికాడ పెట్టుకోవాలె… ఆ. ఇప్పుడు ఇనొస్తుంది.

…ఆ.

…ఆ, చెప్పిండు.

…నువ్వెందుకు పోయినవు అవ్వా. నేను పోవాల్సినదానికి నువ్వు నడిచినవు. నువ్వు నలుగురిల తల దించుకోవద్దనే గదా నేను…

…నాకా? నాకు సిగ్గెందుకు అంటే… ఉండదా అవ్వా.

…కూరనా? ఆ, వండింది నీ కోడలు సంతోషమ్మ. మంచిగుండె. బెల్లం లెక్క తియ్యగుండె… అందరు తిన్నరు.

…నేనా? తిన్న.

…

చెవి… ఆ, పట్టుకున్న.

తినలే అవ్వా.

…గింజలా? ఉన్నయి, సంతోషమ్మ కడిగి ఎండబెట్టింది. తెస్త. కోతి రాకుండ ఈసారి నేనే కంప కొట్టి పోత… ఆ. ఆదివారం వస్త. వచ్చి గుడిల నేనే నిలబడి చెప్త. నువ్వు చాప మీదనే కూసో. తల మాత్రం దించకు… హలో? అవ్వా? …హలో?

…హలో.

కట్టయింది.

జంగప్పా.

…కట్టయింది, ఫోను. అంత విన్నవు గదా. ఇటు చూడు జర.

…

తిట్టవా? ఒక్క మాటన్న అనవా? నీ రుమాలు మా ఇంట్లనే ఉంది, ఉతికి పెట్టింది సంతోషమ్మ. ఖాళీది ఎట్ల తెచ్చియ్యాలె అని…

…ఎక్కడికి లేస్తున్నవు? …గంటనా. అన్నాలకు టైం అయిందా.

ఆగు, కొట్టకు. అందరు ఒక్క జాగకు వస్తరు ఇప్పుడు. హన్మమ్మ గూడ వస్తది…

…

లేదు, కొట్టు. గట్టిగ కొట్టు, కింది ఖనిల ఉన్నోళ్లకు గూడ ఇనొచ్చేటట్టు. అందరు కూసున్నంక, ముద్ద నోట్ల పెట్టకముందే చెప్త. ఫోన్ల ఎంత గట్టిగ చెప్పిన్నో గంత గట్టిగనే.

జర నిలువు. ముందు ఈ ఫోన్ను దాని జాగల పెట్టని.