గ్రైండరు ఎవరికి ముట్టింది?

సాయంత్రం. సోలార్ పార్కు గేటుకు దగ్గర్లో తిమ్మక్క ఇల్లు. వాకిట్లో తిమ్మక్క, ఆమె భర్త నల్లప్ప, బైకు మీద పార్సిళ్లు తెచ్చిచ్చే ఎర్రిస్వామి.

"ముట్టలేదంటే ముట్టలేదు! ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"కోపం చేసుకోవద్దు అత్తా. కంపెనీవాళ్లు అడిగి రమ్మన్నారు, అడుగుతాండా. గ్రైండరు ముట్టిందా, ముట్టలేదా, ఒక్క మాట ఈ ఫోన్లో చెప్పు. రికార్డు చేసి పంపిస్తా."

"ఆన్ చెయ్ మరి. తిమ్మక్క అనే నేను గ్రైండరుకు దుడ్లు కట్టినా, గ్రైండరు రాలేదు, దాన్ని ఎర్రిస్వామి తినేసినాడు..."

"అత్తా, అత్తా! తినేసినాడు అంటావేంది? గ్రైండరు తినే వస్తువా?"

"మరి యాడికి పోయింది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? లోపల అంత బరువు రాయి ఉండేది!"

"నేను తెచ్చినా అత్తా. ఈ వాకిట్లోనే దించినా. ఓటీపీ అడిగినా, చెప్పినారు, ఇచ్చినా."

"ఎవురు చెప్పినారు?"

"మీ ఫోన్లోనే చెప్పినారు."

"ఎవురు అని అడుగుతాండా."

"మేయ్, పిల్లోడు ఎండలో పడి వచ్చినాడు. ముందు రవ్వంత మజ్జిగ ఇయ్యి."

"నువ్వూరుకోయ్యా! మజ్జిగంట, మజ్జిగ. నేను పొద్దన్నే పోయి ఆ సోలార్ ప్లేట్ల కింద గడ్డి కోసేదాన్ని. గేటు లోపలికి ఫోను ఇడ్సరు. ఫోను నీ జేబులోనే ఉంటాది. ఆ పొద్దు నీకు ఫోను వచ్చిందా లేదా?"

"ఎన్నో వస్తాయి. ఒగడు లోను కావల్నా అంటాడు, ఇంకొగడు ఇంకేందో అంటాడు. అన్నీ మతికుంటాయా?"

"ఓటీపీ అడిగినారా?"

"అడగనోడు ఎవుడు ఈ కాలంలో? మన భూమికి సోలార్ బాడిగ పడల్లన్నా అడుగుతారు, రేషన్ కార్డుకన్నా అడుగుతారు. అడిగినోళ్లకు చెప్తానే ఉంటా."

"ఇన్నావా ఎర్రిస్వామీ! ముసలాయప్ప దగ్గర నంబరు గుంజుకోని నా గ్రైండరు మాయం చేసినావు."

"దేవుడా! మామా, నువ్వన్నా ఒక మాట చెప్పు."

"నేనేం చెప్పేది ఎర్రిస్వామీ... ఇడ్సిపెట్టు మే. పోనీ. ఆ మేకపిల్లను అమ్మి నీ దుడ్లు నేనిస్తాలే."

"నువ్వెందుకు ఇయ్యల్ల? నువ్వు తిన్నావా?"

"అట్ల కాదు..."

"ఎట్ల కాదు? నెట్ సెంటర్లో పనిచేసే మంజుశ్రీ దగ్గర కూర్చోని కంపెనీకి రాయించి రాయించి నాకు పానం ఇసిగిపోయింది. దానికి కంపెనీవాళ్లు ఏం జవాబు రాసినారో తెల్సా? మీ వస్తువు మీకు ముట్టింది, మాకు రాసినందుకు చానా సంతోషం అంట. సంతోషమంట! నా దుడ్లు పోయి నేనేడుస్తాంటే వాళ్లకు సంతోషం! ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెప్పి పాట పెట్టేస్తారు. ఈ వాకిట్లో నిలబడి ఆ పాటంతా ఇన్నా నేను. నాకు నోటికి వచ్చేసింది ఆ పాట!"

"ఈసారి పట్టించుకున్నారు అత్తా. నువ్వు ముట్టలేదని ఈ ఫోన్లో చెప్తే దుడ్లు వాపస్ వేస్తారు."

"అట్ల చెప్పు. వేయమను."

"వేస్తారు. కంపెనీ జేబులోనుంచి కాదు, నా జీతంలో కోసి వేస్తారు. పనిలోనుంచి తీసేస్తారు కూడా. నాకు ఇద్దరు పిల్లోళ్లు అత్తా."

"నాకు ఆకాశంలోనుంచి రాలినాయా దుడ్లు? సోలార్ బాడిగ వస్తే ఈ మనిషి బోర్లకు చేసిన అప్పులకు పోతాది. ఇవి నా కూలి దుడ్లు. నడుము వంచి సంపాదించినవి. ఊర్లో అందరికీ పార్సిళ్లు వస్తాయి, నాది మాత్రం రాదు. నేను ఏమన్నా అలుసా నీకు?"

"పోనీ అత్తా, దుడ్లు వద్దు, ఇంకో గ్రైండరు పంపించమని అడిగితే?"

"ఎప్పుడు వస్తాది అది? అప్పటికి పొద్దు దాటిపోతాది."

"ఏం పొద్దు అత్తా?"

"ఏదో ఒకటి. నీకెందుకు?"

"అవును మే, నేనూ అడగల్లనుకుంటాండా. అసలు నీకెందుకు గ్రైండరు?"

"నాకు కావల్ల. అంతే. ఇంగెవురూ నన్ను అడిగే పని లేదు. ఎర్రిస్వామీ, కడాసారి అడుగుతాండా. యాడుండాది నా గ్రైండరు?"

"నేను ఇచ్చేసినా అత్తా."

"అట్లయితే శనివారం పావగడకు పద. శనిమహాత్ముని గుడిలో కర్పూరం ఆర్పి, ప్రమాణం చేసి ఆ మాట చెప్పు."

"వస్తా."

"వస్తావా?"

"వస్తా. నేనిచ్చింది నిజం, నాకేం భయం? కానీ తీసుకున్నోళ్లు కూడా రావల్ల. వాళ్లు కూడా కర్పూరం ఆర్పల్ల. నన్నొక్కణ్ణే దొంగను చేస్తే ఎట్ల? ఏం మామా, నువ్వొస్తావా?"

"నాకు శనివారం పని ఉండాది."

"ఏం పనయ్యా నీకు?"

"మేకలు..."

"మేకలు శనివారం ఒక్కపొద్దు ఉంటాయిలే. నువ్వూ రావల్ల. ఓటీపీ చెప్పినోడివి నువ్వేనంటాండాడు కదా."

"ప్రమాణాలు వద్దు మే. ఈ ఇంటికి నువ్వు చేసిన ప్రమాణం ఒకటే చాలు."

"అది ఎత్తొద్దు."

"ఎత్తుతా. మన కూతురు ఇష్టపడినోణ్ణి చేసుకునిందని, ఊరంతా చూస్తాంటే ఆ శనిమహాత్ముని ముందరే కర్పూరం ఆర్పి, ఆ పాప గడప తొక్కను అంటివి. ఏమొచ్చింది దాంతో? ఇంట్లో ఆ పాప పేరు కూడా ఎత్తనీవు."

"అవును, అన్నా. అన్నమాట మీదే ఉండా. ఇప్పుడు ఆ మాట ఎందుకు? గ్రైండరు మాట మాట్లాడు."

"రెండూ ఒకటే మాట అత్తా."

"ఏందిరా అన్నావు?"

"మామా, ఇంగ నాతో కాదు. చెప్పొద్దురా అని చేతులు పట్టుకుంటివి, నోరు మూసుకుంటి. దొంగ అనిపించుకుంటి. ఇప్పుడు పనికే ఎసరొచ్చింది. నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?"

"ఏమయ్యా? ఏందది? ఏమయ్యా, నిన్నే!"

"నేనే తీసుకున్నా."

"ఏం తీసుకున్నావు?"

"గ్రైండరు. ఓటీపీ చెప్పింది నేనే. తెలిసే చెప్పినా. బస్సులో వేసుకోని హొసకోటకు పోయి మన శిల్పకు ఇచ్చేసి వచ్చినా."

"నా గ్రైండరు? నన్ను అడక్కుండా? ఇన్నాళ్లూ నేను వాళ్లకూ వీళ్లకూ ఫోన్లు చేసి గొంతు చించుకుంటాంటే, నా ఎదురుగ్గానే కూర్చోని, నా చేతి ముద్ద తింటా, మతికి లేదు అంటివా? సిగ్గు లేదా నీకు?"

"అడిగితే ఇస్తావా నువ్వు? పేరెత్తితేనే అన్నం తట్ట ఇసిరేస్తావు! అవును, దొంగతనమే చేసినా. ఎన్నాళ్లని నీకు భయపడేది నేను? బస్టాండు కాడ దోశల బండి పెట్టుకోని రోట్లో పిండి రుబ్బుతాంది ఆ పాప. చేతులు బొబ్బలెక్కిపోయినాయి. ఈడ రాగిముద్ద గెలికే ఇంటికి గ్రైండరు వచ్చి దిగింది, ఆడ నా కూతురు ఆరో నెల కడుపుతో..."

"ఏడో నెల."

"ఆఁ?"

"ఏడో నెల పడింది. లెక్క కూడా తెలీదు, నాయనంట నాయన!"

"నీకెట్ల తెలుసు?"

"ఎట్లో తెలుసు. నాతో గడ్డి కోసేవాళ్లలో హొసకోటవాళ్లు లేరా? వాళ్లకు నోర్లు లేవా?"

"అయితే ఆ గ్రైండరు..."

"నాకెందుకయ్యా గ్రైండరు? ఉండేది ఇద్దరం, తినేది ముద్ద. దోశలు ఎవురికి పొయ్యల్ల నేను? అది వస్తానే, పైన చీర పెట్టి, గాజులు పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, సీమంతానికి, గాజులు తొడిగే దినానికి నీ చేతికిచ్చి పంపిద్దామని కాసుకోని ఉంటిని. నువ్వు ఉత్త అట్టపెట్టె మోసుకోని పోయి ఇచ్చొస్తివి!"

"నాకొక మాట చెప్పుంటే..."

"నువ్వు నాకు చెప్పినావా?"

"అత్తా, మరి రికార్డులో ఏం చెప్తావు? దుడ్లు వాపస్..."

"ఆన్ చెయ్. తిమ్మక్క అనే నేను చెప్తాండా, గ్రైండరు ముట్టింది. దుడ్లు నాకేం వాపస్ వద్దు. ఎర్రిస్వామి మంచోడు, వాని జీతం కోసినారంటే మళ్లీ నేనే ఫోను చేస్తా. చాల్నా?"

"చాలు అత్తా. చానా చాలు."

"ఏమయ్యా, ఆ పాపకు ఎవురు కొనిచ్చినారని చెప్పినావు?"

"నేనే కొన్నానని చెప్పినా. అమ్మకు తెలీనీయొద్దు అని కూడా చెప్పినా."

"నువ్వు కొంటివా? నా కూలి దుడ్లతో నేను కొంటే, పేరు నీకా? అమ్మకు తెలీనీయొద్దా? లే, లే ఆడనుంచి. ఆ పెట్టెలోని చీర తీసుకురా, గాజులు పైనుండాయి చూడు. నేనే పోయి చెప్తా అది ఎవురిదో."

"ఇప్పుడా? మరి నీ ప్రమాణం మే? శనిమహాత్ముని ముందర..."

"ఆయప్ప ముందర నేనన్నది గడప తొక్కనని. ఎర్రిస్వామీ, బైకు తియ్ నువ్వు. దోశల బండికి గడప యాడుంటాది?"