చెంపాక గొయ్యిలో జారవిడిచిన ఉంగరం

నా పేరు హజ్జా రుస్మియాతి. వయసు యాభై నాలుగు. మార్తాపురలో రాళ్ళ బజారు వెనక సందులో మా ఇల్లు. నా భర్త హాజీ శంసూని వజ్రాల వ్యాపారి. నేను ఇంట్లోనే ఉండి, తెలిసిన ఆడవాళ్ళకు నగలు చూపించి అమ్ముతాను. అమ్మిన నగ మసకబారితే నా దగ్గరకే తెస్తారు, కడిగి ఇస్తాను. వజ్రాలు తవ్వే చెంపాకలో గొయ్యి కూలి మహ్లాన్ అనే మనిషి చనిపోయిన సంగతి ఇన్‌స్పెక్టర్ గారు అడుగుతున్నారు. నాకు తెలిసింది చెబుతున్నాను. ఎవరూ నేర్పి పంపలేదు. నేను ఇక్కడికి వస్తున్నట్టు నా భర్తకు తెలుసు. వద్దన్నారు.

ముందు ఉంగరం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మహ్లాన్ ఎందుకు దిగాడో అర్థం కాదు.

రెండేళ్ళ కిందట వానల చివర చెంపాకలో ఒక గొయ్యి కూలింది. అందులో అర్దానీ అనే తవ్వకం మనిషి చనిపోయాడు. అతని భార్య పేరు జుమియా. వాళ్ళకు పిల్లలు లేరు. కూలడానికి కాస్త ముందు అర్దానీ పైకి అందించిన కంకరను, మర్నాడు తోటివాళ్ళు చెక్క పళ్ళేల్లో కడిగితే ఒక రాయి దొరికింది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. పాలు లేని పలచటి టీ రంగు. గొయ్యి దగ్గర దాన్ని వజ్రం అనరు. గాలూ అంటారు, అంటే రాకుమారి. అసలు పేరుతో పిలిస్తే సిగ్గుపడి మట్టిలోకి దాక్కుంటుందని వాళ్ళ నమ్మకం. ఆ రాయిని నా భర్త కొన్నారు. జుమియాకు రావలసిన వాటా ఆమెకు ముట్టింది. అది భర్త నలభయ్యో రోజు ఫాతిహాకూ ఇంటి కప్పుకూ సరిపోయింది.

సానపట్టించాక రాయి సగమైంది. రంగు మాత్రం పోలేదు. ఆ రంగు చూసి పెద్ద వ్యాపారులు వంక పెట్టారు. నాకు నచ్చింది. ఉంగరం చేయించమని అడిగాను, చేయించారు. పెళ్ళయినప్పటి నుంచి నేను నోరు తెరిచి అడిగి తీసుకున్న నగ అదొక్కటే.

ఆ ఉంగరం నా వేలికి ఉందని జుమియాకు ఎవరో చెప్పారు. ఒక శుక్రవారం వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"పిన్నీ, ఒక్కసారి చూసి పోతాను. ముట్టుకోను."

"ముట్టుకుంటే అరిగిపోతుందా? లోపలికి రా," అన్నాను.

తీసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"మసగ్గా ఉందేంటి పిన్నీ? బాగోలేదా దీనికి?"

"పొద్దున చేపలు వేయించాను. వజ్రానికి జిడ్డంటే ప్రాణం. ఎక్కడున్నా పోయి అంటుకుంటుంది, మా ఆయనలాగే."

ఆమె నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఎలా కడగాలో చూపించాను. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు చాలు. కాసేపు నాననిచ్చి, పసిపిల్లల పళ్ళు తోమే మెత్తటి బ్రష్‌తో రాయి అడుగున తోమాలి. జిడ్డు చేరేది అడుగునే. ఆరబెట్టాక రాయిని పట్టుకున్న కొక్కేలు వదులయ్యాయేమో వేలితో తడిమి చూడాలి. దాన్ని ఇంకో రాయి పక్కన పెట్టకూడదు, ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఆమె అంతా విని, ఈసారి నేను కడుగుతానంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక వచ్చేది. మోచేయి ముంచి నీటి వేడి చూసేది. కడుగుతూ దానితో మాట్లాడేది. "కళ్ళు మూసుకో గాలూ, సబ్బు పోతుంది," అనేది. నేను పక్కన కూరగాయలు తరుక్కుంటూ ఉండేదాన్ని. ఆ మాటలు నాకు విచిత్రంగా తోచలేదు. ఇప్పుడు చెబుతుంటే విచిత్రంగా ఉంది.

ఈ ఏడు రంజాన్ పండుగ వెళ్ళాక జకార్తా నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె కారు మా సందులో పట్టలేదు. వీధి మొదట్లో ఆపి, ఆమె మా ఇంట్లో ఉన్నంతసేపూ డ్రైవరు దాని మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. ఆమె రంగు రాళ్ళు పోగుచేస్తుందట. నా భర్త పెట్టెలోవి అన్నీ చూపించారు. ఆమె చూపు నా వేలి మీదే నిలిచింది.

ఆమె వెళ్ళాక నా భర్త అన్నారు: "అది నీ వేలికుంటే మన వీధికే తెలుస్తుంది. ఆవిడ వేలికుంటే జకార్తా అంతా నా పేరు అడుగుతుంది. తియ్యి రుస్మీ."

సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. ఇవ్వనని నేను అనలేదు. అని ఉంటే ఆయన బలవంతం చేసేవారు కాదు. ఆయన చెడ్డ మనిషి కాదు, అది కూడా రాయండి.

మర్నాడే శుక్రవారం. జుమియా వచ్చింది. బల్ల మీద గిన్నె, బ్రష్, గుడ్డ పెట్టాను.

"ఇదే ఆఖరు జుమియా. ఆదివారం దీన్ని జకార్తా తీసుకెళ్తున్నారు."

ఆమె మోచేయి నీళ్ళలో ముంచి చూసింది. "అక్కడ ఎవరు కడుగుతారు?" అంది.

"అక్కడ మిషన్లుంటాయి."

"నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయా?"

నాకు నవ్వు వచ్చింది. ఇంతలో ముందు గదిలో ఫోన్ మోగితే వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గిన్నెలో నీళ్ళు పారబోసి ఉన్నాయి. గుడ్డ మడతపెట్టి ఉంది. ఉంగరం లేదు, ఆమె లేదు. పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంది.

మర్నాడు ఉదయం తనే వచ్చింది. ఈసారి వీధి గుమ్మం నుంచి వచ్చింది. నా భర్త ఇద్దరు వ్యాపారులతో వరండాలో టీ తాగుతున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"దొంగతనం చేయలేదు హాజీగారూ. ఇంటి దగ్గర దింపి వచ్చాను," అంది.

"ఎవరింటి దగ్గర?"

"గాలూ వాళ్ళింటి దగ్గర."

నా భర్త ఆ వ్యాపారుల వైపు చూసి నవ్వారు. "ఎవరికి అమ్మావో చెప్పు తల్లీ, నేనే పోయి కొనుక్కుంటాను."

"అమ్మడం మీ పని," అంది జుమియా.

వ్యాపారులు తలలు దించుకున్నారు. ఆ మాటకే ఆయనకు కోపం వచ్చిందని నేననుకుంటున్నాను. అప్పుడే పోలీసులకు ఫోన్ చేశారు.

వాళ్ళు వచ్చేలోగా ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఏ గొయ్యిలో వేశావని అడిగాను.

"ఆయన పోయిన గొయ్యే. నాకు ఇంకే గొయ్యి తెలుసు పిన్నీ? నీళ్ళు నిండి ఉన్నాయి. అంచున కూర్చుని జారవిడిచాను." టీ గ్లాసు పక్కన పెట్టి, "మీరు ఎవరికీ చెప్పకండి. చెబితే తవ్వుతారు," అంది.

పోలీసులు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు. ఏ గొయ్యో ఆ సాయంత్రమే నా భర్తకు చెప్పాను. ఉంగరం దొరికితే ఆమెను వదిలేస్తారనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

మహ్లాన్ జుమియా తమ్ముడు. వాడూ గోతుల్లో దిగి తవ్వేవాడే. రెండేళ్ళ కిందట బావ శవాన్ని బయటికి తీసింది వాడే. సోమవారం ఉదయం అక్కను వదిలేయమని మా వరండాకు వచ్చాడు. అప్పుడు నా భర్త అన్న మాట ఇది: "ఉంగరం తెచ్చి నా చేతిలో పెట్టు. ఆ గంటలోనే కేసు వాపసు తీసుకుంటాను." ఇదే మాట. 'చూద్దాం' అన్నానని ఆయన మీకు చెప్పారట. చూద్దాం అనలేదు. ఉంగరం తెచ్చి నా చేతిలో పెట్టు అన్నారు.

"మాట మీద ఉంటారా హాజీగారూ?" అని మహ్లాన్ అడిగాడు.

"మక్కా వెళ్ళొచ్చినవాణ్ణి. నన్ను అడిగే మాటేనా అది?"

మహ్లాన్ అక్కడి నుంచి చుట్టూ తిరిగి వంటింటి గుమ్మానికి వచ్చాడు. "పిన్నీ, నిజంగా తీసుకుంటారా?" అన్నాడు.

"తీసుకుంటారు. నేనున్నానుగా," అన్నాను.

"ఆ గొయ్యిలో మళ్ళీ కాలు పెట్టనని బావను తీసిన రోజే ఒట్టు పెట్టుకున్నాను," అన్నాడు. అన్నం పొట్లం ఇస్తే తీసుకుని వెళ్ళిపోయాడు.

గొయ్యిలో నీళ్ళు తోడిన పంపు ఎవరిదని మీరు అడిగారు. పంపు మాదే. మా గోదాములో ఉండేది. నా భర్తే మనుషులతో పంపించారు, డీజిలు కూడా మేమే ఇచ్చాం.

నీళ్ళు తగ్గుతున్నకొద్దీ జనం పెరిగారు. మహ్లాన్, అతని ఇద్దరు స్నేహితులు అక్క కోసం దిగారు. మిగతావాళ్ళు ఉంగరం కోసం దిగారు. ఎవరికి దొరికితే వాళ్ళదేనని అంచున నిలబడి వాదించుకోవడం నేను విన్నాను. మహ్లాన్ వాళ్ళతో పోట్లాడలేదు. "దొరికితే ఒక్కసారి హాజీగారి చేతిలో పెట్టనివ్వండి, తర్వాత మీరూ ఆయనా చూసుకోండి," అని బతిమాలాడు.

గురువారం మధ్యాహ్నం నేను అన్నం, ఎండుచేప, మిరపకాయల పచ్చడి తీసుకుని వెళ్ళాను. ముందురోజు పెద్ద వాన పడింది. గొయ్యి గోడ నల్లగా, తడిగా ఉంది. పైనుంచి చూస్తే మహ్లాన్ తల, భుజాలే కనిపించాయి. నడుము దాకా బురదలో ఉన్నాడు.

"పైకి రా, తిని దిగుదువుగాని," అని కేకేశాను.

"ఈ ఒక్క పళ్ళెం కంకర కడిగి వస్తా పిన్నీ. మూత పెట్టి ఉంచండి, ఈగలు వాలతాయి."

నేను మూత పెట్టాను. అదే సమయంలో గోడ జారింది. పెద్ద చప్పుడు రాలేదు. బస్తా మూతి విప్పి బియ్యం పోసినట్టు వినిపించింది. తల ఎత్తి చూస్తే మహ్లాన్ ఉన్న చోట మట్టి ఉంది. అతని స్నేహితులిద్దరినీ వెంటనే లాగారు, బతికారు. మహ్లాన్‌ను సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక తీశారు.

కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది. అందరూ ఆ పిడికిలి చుట్టూ వంగారు. నేనూ వంగాను. వేళ్ళు విప్పితే కంకర ఉంది. ఆ కంకరను కూడా ఎవరో పళ్ళెంలో వేసి కడిగారు. ఎవరో నేను చూడలేదు. పళ్ళెం తిప్పుతున్న చేతులే చూశాను. ఏమీ దొరకలేదు.

ఇంటికి వచ్చి నా భర్తకు చెప్పాను. ఆయన ముందు మహ్లాన్ గురించే అడిగారు. ఉంగరం గురించి తర్వాత అడిగారు. జనాజాకూ ఖననానికీ అయ్యే ఖర్చు తనే పెట్టుకుంటానన్నారు, పెట్టుకున్నారు.

జుమియాకు చెప్పడానికి లాకప్ దగ్గరకు నేనే వెళ్ళాను. నన్ను చూడగానే ఆమెకు తెలిసిపోయింది. ఎవరు అని మాత్రం అడిగింది. మీ తమ్ముడు అన్నాను. కటకటాలు పట్టుకుంది.

"స్నానం ఎవరు చేయించారు?" అంది.

"మసీదువాళ్ళు."

"ముక్కుల్లో, చెవుల్లో మట్టి ఉంటుంది పిన్నీ. ఆయనకు ఎంత కడిగినా పోలేదు."

"జాగ్రత్తగానే చేయించారు. నేను బయటే ఉన్నాను."

"మీరు చెప్పారు కదూ," అంది. ఏ గొయ్యో నేనే చెప్పానని ఆమె ఉద్దేశం. అవునన్నాను. నిన్ను విడిపిస్తారనుకున్నానని చెప్పాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఇక మీరు శుక్రవారాలు ఏం చేస్తారు పిన్నీ?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

కేసు వాపసు తీసుకోమని నా భర్తను అడిగాను. "ఉంగరం లేకుండా ఎలా తీసుకోను? ఆ జకార్తా ఆవిడకు ఏం చెప్పను?" అన్నారు. ఉంగరం నాది, నేను వాపసు తీసుకుంటానని ఇదే ఠాణాలో అడిగాను. రాయి కొన్న రసీదు మీ ఆయన పేరు మీద ఉందమ్మా, ఆయనే రావాలి అన్నారు. నా వేలికి ఉన్న ఉంగరం నాది కాదని అప్పుడు తెలిసింది.

గొయ్యి చుట్టూ మీవాళ్ళు కట్టిన తాడును శనివారమే తెంపేశారు. నిన్న నేను వెళ్ళి చూశాను. పై ఊళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చారు. గోడ కూలడంతో ఉంగరం పైకి కదిలి ఉంటుందని చెప్పుకుంటున్నారు. పంపు మళ్ళీ నడుస్తోంది. ఎవరు నడుపుతున్నారని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆపమని అరిచాను. ఒకతను బురదలోంచి తలెత్తి, "పక్కకు జరుగు పిన్నీ, వెలుతురు పోతోంది," అన్నాడు. నేను జరిగాను.

ఇంతకుమించి నాకు తెలిసింది లేదు. పైన ఉన్నదంతా నేను కళ్ళతో చూసినదీ చెవులతో విన్నదీ. రాసినాయన మా బంజారు భాషలో చదివి వినిపించారు. పంపు మాదే అన్న వాక్యం దగ్గర ఆగి, "ఇది ఉంచమంటారా, ఇంట్లో ఒకసారి అడిగి వస్తారా?" అన్నారు. ఉంచమన్నాను. ఇది నిజమని అల్లా సాక్షిగా ఒప్పుకుంటూ కింద నా చేతితో సంతకం చేస్తున్నాను.

(సం.) హజ్జా రుస్మియాతి
మార్తాపుర