నాన్న గురించి రాయని బ్లాగు

2007 వేసవి. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ప్రభుదాసు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా లేవకపోయేసరికి తల్లి మార్తమ్మ వచ్చి వెనక నిలబడింది.

“మళ్లీ రంగులు మారుస్తున్నావా?”

“బ్లాగు టెంప్లేట్ బాగాలేదమ్మా. తెలుగు అక్షరాలు డబ్బాల్లాగా కనిపిస్తున్నాయి.”

“పోయిన వారం బాగానే కనిపించాయిగా! ఆఫీసులో పొద్దస్తమానం అదే పని, ఇంట్లోనూ అదేనా? మీ నాన్న గురించి రాస్తానన్నావు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.”

“రాస్తాలే.”

“ఎప్పుడు?”

“ఏం రాయమంటావమ్మా? థర్మల్ స్టేషన్‌లో ఒళ్లు హూనం చేసుకుని నన్ను ఇంజనీరింగ్ చదివించాడని రాస్తే అది సగమే. తాగొచ్చి నిన్ను కొట్టేవాడని కూడా రాస్తే మన చుట్టాలంతా చదువుతారు.”

మార్తమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“రాయి,” అంది.

“అమ్మా!”

“దెబ్బలు తిన్నదాన్ని నేను. నాకు లేని సిగ్గు నీకెందుకురా? కాకపోతే ఇంకోటి కూడా రాయి. మంచాన పడ్డాక ఒకరోజు అన్నం తినిపిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, ‘తప్పు చేశాను మార్తా’ అన్నాడు.”

“నాకెప్పుడూ చెప్పలేదే!”

“నీతో ఏం చెప్పను? ఎప్పుడు చూసినా ఫోన్లో ఆఫీసువాళ్లతోనే ఉండేవాడివి.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదు. ముద్ద నోట్లో పెట్టాను.”

ప్రభుదాసు టెంప్లేట్ మూసేసి బ్లాగులో కొత్త టపా రాసే పేజీ తెరిచాడు. చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“మరి క్షమించావా అమ్మా?”

“అదొక్కటీ రాయకు. నాకే ఇంకా తెలీదు.”