నాటిన నీళ్ళు

హలో… ఆ, నేనే, కాసిల్దా వదినా, ఫెర్మిన్‌ని. పైనుంచే, కాలువ గుడిసె దగ్గర్నుంచి.

… లేదు, ఒంట్లో బాగానే ఉంది. పొద్దున్నే ఫోన్ చేస్తే ఎవరో పోయారనేనా? పోవడానికి ఈ కొండకి మనిద్దరం తప్ప ఎవరున్నారు గనక!

… సరే సరే, తిట్టకు. ఒక్క పని చెయ్యి. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఊట దాకా నడు. … ఇప్పుడే. … ఎండిపోయిందని నాకూ తెలుసు. పోయిన ఆగస్టు నుంచీ తొట్టిలో చుక్క లేదు, ట్యాంకర్ నీళ్ళతో మేకల్ని సాకుతున్నావు. అన్నీ తెలుసు. నడు.

… మేకల సంగతి తర్వాత చెబుదువుగాని. బేరగాడు సాన్ హువాన్ పండక్కి కదా వస్తానన్నాడు? ఇంకా నాలుగు రోజులుంది. … అబ్బా, తర్వాత అంటున్నానా! ముందు కదులు తల్లీ.

… అంజూరపు చెట్టు దగ్గర జాగ్రత్త, జారుతుంది. … అవున్లే, తడి లేని దారి ఎందుకు జారుతుంది!

… ఎందుకంటే… చెప్తా, నడుస్తూ విను. మంచు కరిగే ముందు నీటి సంఘం ఏమంది? ఈ ఏడు చుక్క కూడా కొండకి పొయ్యొద్దు, మొత్తం గొట్టంలోకే, కింద టొమాటో పందిళ్ళకే అంది. … వాళ్ళనీ అనలేం వదినా. అక్కడ బావుల్లో ఉప్పు నీళ్ళు పడుతున్నాయి, వాళ్ళ పిల్లలూ తాగాలిగా. కానీ నేను… తొమ్మిది రోజులు… మీ ఊట పైనున్న గులకరాళ్ళ చదునులోకి గండి కొట్టి కాలువ నీళ్ళు వదిలాను.

… ఆ. నీళ్ళని నాటాను. మా నాన్న నాటినట్టే. సగం నీళ్ళు వాళ్ళకి, సగం కొండకి. కొండ తాగినంతా తాగి, రెండు నెలలకి నీ తొట్టిలో వదలాలి. నిన్నటికి అరవై రోజులు.

… సంఘానికి తెలీకుండా ఎలా ఉంటుంది? సోమవారం పిలిచి కడిగేశారు. రేపొచ్చి తాళంచెవులు తీసుకుంటారట. … ముప్పయ్యొక్క ఏళ్ళు కాశాను ఈ కాలువని. … లేదు, నాకేం బాధ లేదు.

… ఉంది. ఎందుకుండదు! ఈ గుడిసెలో పైకి మాట్లాడి ఎన్నాళ్ళైందో తెలుసా? ఇందాక నీకు ఫోన్ చేసే ముందు నాలుగుసార్లు దగ్గి చూసుకున్నా, గొంతు వస్తుందో రాదో అని.

… వచ్చావా? ఏముంది? … తొట్టిలో కాదు, పైన రాతి తూము నోటికి చెయ్యి పెట్టు. … పెట్టావా?

… బుస్సుమని గాలి వస్తోందా? అరె! చెయ్యి తియ్యకు! … మట్టిరంగా? మొదట అలాగే వస్తాయి, కంగారుపడకు— … వచ్చాయా? చల్లగా ఉన్నాయా? … అమ్మా, నా కొండతల్లీ! వదినా, మన నీళ్ళే అవి! ఇక ఆ బేరగాణ్ణి రావద్దని చెప్పెయ్, వాడి మొహం—

… నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?

… ఎప్పుడొచ్చాడు వాడు?

… నిన్ననా?

… అన్నీ తోలుకుపోయాడా? ఆ చెవి తెగిన ముసలి మేకని కూడా?

… మరి నువ్వు? … పన్నెండింటి బస్సుకా. … టొమాటోలు సర్దే షెడ్డులో పనికా. … ఊఁ. … మంచిదే. అక్కడ కుళాయి తిప్పినా వచ్చేది ఈ కాలువ నీళ్ళే. నేను వదలను కదా ఇక, ఎవడో వదుల్తాడు.

… ఎందుకు చెప్పలేదంటే… నాటిన నీళ్ళ మాట పైకి తేలేదాకా నోటితో అనకూడదు వదినా. అంటే దారి తప్పుతాయని మా నాన్న… అన్నయ్య మాత్రం బతికున్నన్నాళ్ళూ నీతో ఎప్పుడైనా అన్నాడా? … అవును. మూర్ఖుణ్ణే. … అను. ఒక్క ముక్క చెప్పుంటే మేకలుండేవి, నువ్వూ ఉండేదానివి. ఇంకా అను, పడతాను. నోరు మూసుకోవడం తప్ప ఈ కొండమీద నేనేం నేర్చుకున్నాను గనక.

… వదినా, మేకలు లేకపోయినా ఉండొచ్చుగా? … కాదులే. దేనికని ఉంటావు. మూట కూడా కట్టేశావాయె.

… ఆపడమా? అది నా చేతుల్లో లేదు. కొండ తాగిందంతా వదిలేదాకా వస్తూనే ఉంటాయి, అక్టోబరు దాకా. … ఎవరు తాగుతారంటే నేనేం చెప్పను?

… లేదు, ఏడవట్లేదు. పైన గాలెక్కువ.

… బస్సుకి ఇంకా టైముందిగా? ఫోన్ కాస్త ఆ నీళ్ళ దగ్గర పెట్టు. నేనూ వింటాను. … తడవదులే, రాయి మీద పెట్టు.

… ఆ. వినిపిస్తోంది.

… ఉండు, ఇంకాస్సేపు…

హలో?… వదినా?